కెమెరా కొనే ముందు ద్వారబంధం చూడండి

మా ఇంట్లో దొంగలు పడి నాలుగు నెలలవుతోంది. ఇన్నాళ్ళూ దీని గురించి రాయబుద్ధి కాలేదు, రాద్దామని కూర్చుంటే కోపం తప్ప ఇంకేం వచ్చేది కాదు. మొన్నొక ఫ్రెండ్ ఫోన్ చేసి కొత్తింట్లోకి మారుతున్నాం రా, చేతిలో పెద్దగా డబ్బుల్లేవు, ఉన్నదాంట్లో ఏ కెమెరా తీసుకోమంటావ్ అని అడిగాడు. గంటసేపు మాట్లాడా. పెట్టేశాక అనిపించింది, వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తే ఇంకో నలుగురికి పనికొస్తుంది కదా అని.

జరిగింది చెప్తా. పట్టపగలు, పదకొండున్నర టైం. నేనూ మా ఆవిడా ఆఫీసుల్లో ఉన్నాం, పాప స్కూల్లో ఉంది. ఇంటి ముందు కెమెరా ఉంది, కొన్ని నెలలు దాచుకుని మరీ కొన్నది. తలుపుకి మంచి కంపెనీ తాళం. ఇద్దరొచ్చారు. ఒకడు బెల్ కొట్టి ఆగాడు, మళ్ళీ కొట్టాడు. రెండోవాడు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. మొదటివాడు తలుపుని భుజంతో ఒకసారి నెట్టి చూసి, రెండడుగులు వెనక్కేసి కాలితో తన్నాడు. మూడో తన్నుకి తెరుచుకుంది. బెల్ కొట్టిన దగ్గర్నుంచి లోపలికి వెళ్ళేదాకా 52 సెకన్లు, వీడియోలో లెక్కపెట్టా. లోపల ఉన్నది ఆరు నిమిషాలు.

నా ఫోన్‌కి అలర్ట్ వచ్చింది. రాలేదని అనను. కానీ ఆ కెమెరా రోజుకి ఇరవై ముప్పై సార్లు అలర్ట్ పంపేది, పిల్లి పోయినా, కొమ్మ ఊగినా, ఎండ మారినా. మొదటి వారం అన్నీ తెరిచి చూశా, తర్వాత మానేశా. ఆరోజు మీటింగ్ అయ్యాక యథాలాపంగా చూస్తే ముప్పావు గంట క్రితం మా తలుపు పగిలిపోతున్న బొమ్మ. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయని చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో, ఆ నిమిషంలో దానర్థం నాకు కడుపులో తెలిసింది.

వీడియో పోలీసులకిచ్చాం. టోపీలు, మాస్కులు, మొహం ఎక్కడా ఆనదు. పోయినవి దొరకలేదు. సరే, వస్తువుల సంగతి వదిలేయండి. మా పాప ఇప్పటికీ స్కూల్ నుంచి రాగానే నాకంటే ముందు లోపలికి అడుగు పెట్టదు. అది నాకు ఎక్కువ బాధ.

వడ్రంగి చూపించిన స్క్రూ

ఆ సాయంత్రం తలుపు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి ముందు తాళం చూశాడు, తాళంచెవి పెట్టి తిప్పాడు. చక్కగా తిరిగింది. "తాళానికేం కాలేదండీ, మీరు కొన్న తాళం మంచిదే, దాన్ని పట్టుకున్న చెక్క పోయింది" అన్నాడు. ద్వారబంధంలో గడియ దూరే చోట ఒక చిన్న రేకు ఉంటుంది చూడండి, స్ట్రైక్ ప్లేట్ అంటారు, అది ఊడి కింద పడుంది. దాని రెండు స్క్రూలు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఒక్కోటి ముప్పావు అంగుళం కూడా లేదు. వాటి చుట్టూ ఉన్న చెక్క పేళ్ళు పేళ్ళుగా లేచిపోయింది.

అంటే నేను తాళానికి అంత ఖర్చు పెట్టా, కెమెరాకి దానికి మూడింతలు పెట్టా, ఆ మొత్తం భారం నిలబడింది మాత్రం రెండు చిన్న స్క్రూల మీద. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, తాళం అమ్మినవాళ్ళు చెప్పలేదు, బిగించినవాళ్ళూ చెప్పలేదు. ఆ స్క్రూలు ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉన్నాయి.

ఆ వడ్రంగి చేసింది ఇదీ. చీలిన చోట చెక్క చెక్కేసి కొత్త ముక్క అతికించి బిగించాడు, చిన్న రేకు బదులు ఎనిమిది అంగుళాల పొడుగున్న మందపాటి ఇనప పట్టీ వేశాడు, దానికి 3 అంగుళాల స్క్రూలు దింపాడు, ద్వారబంధం దాటి వెనకున్న గోడలోకి వెళ్ళేలా. బందులకి కూడా ఒక్కో బందుకి ఒక స్క్రూ తీసి పొడుగుది వేశాడు, ఎందుకంటే తాళం వైపు గట్టిపడితే తన్ను బలం అటు బందుల మీదకి పోతుందట. పాత తాళంలో స్ప్రింగ్ నాలుక ఒక్కటే వాడేవాళ్ళం, తలుపు లాగితే టక్కున పడిపోయేది కదా, చాలనుకునేవాళ్ళం. అది సన్నటి ప్లాస్టిక్ కార్డుతో కూడా వెనక్కి పోతుంది. ఇప్పుడు అంగుళం పొడుగు ద్వారబంధంలోకి దూరే డెడ్‌బోల్ట్ ఉంది, బయటికెళ్ళేటప్పుడు తాళంచెవి తిప్పి మరీ వేస్తాం. మొత్తం పనికి ఒక పూట పట్టింది, కెమెరాకి పెట్టినదాంట్లో చిన్న భాగం కూడా కాలేదు.

51 గంటల తాళం

తర్వాత నాకు ఇదో పిచ్చిలా పట్టుకుంది, దొరికినవన్నీ చదివా. తాళాల చరిత్రలో ఒక కథ నాకు బాగా నచ్చింది. 1790లో లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే ఆయన తన తాళాన్ని షాపు కిటికీలో పెట్టి, దీన్ని తాళంచెవి లేకుండా తెరిచినవాళ్ళకి 200 గినీలు (అప్పటి బ్రిటిష్ బంగారు నాణేలు) ఇస్తానన్నాడు. అరవై ఏళ్ళ పైన ఎవరి వల్లా కాలేదు. 1851లో లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్‌కి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ తాళాలాయన దాన్ని తెరిచాడు. ఎంతసేపు పట్టిందో తెలుసా, 16 రోజుల్లో మొత్తం 51 గంటలు. అంతకు ముందే చబ్ కంపెనీ డిటెక్టర్ తాళాన్ని, అంటే ఎవరైనా దొంగతనంగా తీయబోతే బిగుసుకుపోయే తాళాన్ని, దాదాపు 25 నిమిషాల్లో తీసేశాడు. ఊరంతా గగ్గోలు, ఇక మన ఇళ్ళకీ బ్యాంకులకీ దిక్కెవరు అని.

ఆ భయమే ఇంకా మన బుర్రల్లో ఉందని నాకనిపిస్తుంది. దొంగ అంటే సన్నటి కమ్మీ పెట్టి చెవి ఆనించి తాళం తీసే నేర్పరి అనుకుంటాం, అందుకే తాళానికి డబ్బు పోస్తాం. అమెరికాలో మూడు రాష్ట్రాల జైళ్ళలో ఇళ్ళు దోచి పట్టుబడిన 422 మందిని జోసెఫ్ కూన్స్ అనే ప్రొఫెసర్ బృందం అడిగింది, ఎలా లోపలికెళ్ళారు అని. తాళం నేర్పుగా తీసినవాళ్ళూ ఎలాగోలా సంపాదించిన తాళంచెవి వాడినవాళ్ళూ కలిపినా ఎనిమిది మందిలో ఒక్కడు. మిగతావాళ్ళలో ఎక్కువమంది తెరిచి ఉన్న తలుపు కిటికీల్లోంచో, బలవంతంగా తెరిచో వెళ్ళినవాళ్ళే. మా ఇంటికొచ్చినవాడు కూడా తాళం వైపు చూడనే లేదు.

యూరప్‌లో తలుపులకీ కిటికీలకీ ఒక టెస్ట్ ఉంది, ఈఎన్ 1627 అని. ఇళ్ళకి మామూలుగా చెప్పే ఆర్‌సీ2 క్లాస్‌లో టెస్ట్ చేసే మనిషి స్క్రూడ్రైవర్, పట్టకారు, చెక్క చీలలు లాంటివి పట్టుకుని కుస్తీ పడతాడు, తలుపు 3 నిమిషాలు ఆగాలి. అంతే, మూడే నిమిషాలు. మొదటిసారి చదివినప్పుడు ఇంత తక్కువా అనుకున్నా, తర్వాత మా వీడియో మళ్ళీ చూస్తే అర్థమైంది, వాడు రెండో తన్నుకీ మూడో తన్నుకీ మధ్య ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. మూడో తన్నుకి తెరుచుకోకపోతే? పదో తన్నుకి కూడా తెరుచుకోకపోతే? పట్టపగలు అంత చప్పుడు చేస్తూ అక్కడే నిలబడతాడా? నెదర్లాండ్స్‌లో 1999 నుంచి కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ ఇలా గట్టి తలుపులూ కిటికీలూ ఉండి తీరాలని రూల్ పెట్టారు. బెన్ వోలార్డ్, యాన్ ఫాన్ అవర్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క తీస్తే కొత్త ఇళ్ళలో దొంగతనాలు ఏడాదికి 1.1 శాతం నుంచి 0.8కి దిగాయి, అంటే 26 శాతం తగ్గాయి. యాప్ లేదు, అలర్ట్ లేదు, నెలనెలా కట్టేది లేదు. ఒక్కసారి బిగిస్తే మనం ఇంట్లో ఉన్నా లేకున్నా దాని పని అది చేస్తుంది.

కిటికీలది కూడా అదే కథ. జరిపే కిటికీ అయితే కింది గాడిలో సరిగ్గా పట్టే కర్ర ముక్క పెడితే చాలు, బయట నుంచి జరపలేరు. పైకి ఎత్తి ఊడదీయకుండా పై గాడిలో ఒకట్రెండు స్క్రూలు కొంచెం కిందకి దిగేలా వదలాలి. తాళం సిలిండర్, అంటే తాళంచెవి దూర్చే ముక్క, తలుపు మీంచి 3 మి.మీ. కంటే ఎక్కువ బయటికి పొడుచుకొచ్చి ఉంటే దాన్ని పట్టకారుతో పట్టి విరిచేయొచ్చు, ఇది కూడా నాకు ఆ తర్వాతే తెలిసింది. అద్దెకుండేవాళ్ళు ఇల్లు మారగానే ఆ సిలిండర్ మార్చుకోండి, పాతవాళ్ళ దగ్గర ఎన్ని తాళంచెవులున్నాయో ఎవరికి తెలుసు? పెద్ద పని కాదు, చాలా తాళాల్లో తలుపు అంచున ఒక్క స్క్రూ తీస్తే బయటికొచ్చేస్తుంది, ఖాళీ చేసేటప్పుడు పాతది పెట్టేసి మీది మీరు తీసుకెళ్ళొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం నాకు భయం. అంతా బిగించుకుంటూ పోతే రేపు మంటలొస్తే మనమెలా బయటపడతాం? మా ఆవిడ మొదట అడిగింది ఇదే. కిటికీలకి కదలని గ్రిల్ పెట్టిస్తానంటే ఒప్పుకోలేదు, లోపల నుంచి తెరుచుకునేది ఒక్కటైనా ఉండాల్సిందేనంది. తనదే కరెక్ట్. లోపలి వైపు కూడా తాళంచెవితోనే తీయాల్సిన తాళాలున్నాయి చూశారా, అవి మనుషులున్న టైంలో నాకు నచ్చవు, చీకట్లో పొగలో తాళంచెవి ఎక్కడ వెతుక్కుంటాం? తలుపు పక్కన పగలగొట్టి చెయ్యి దూర్చగల గాజు పలక లేకపోతే లోపల చేత్తో తిప్పేదే మేలు. దొంగ భయంతో పిల్లల్ని లోపల బంధించే పని చేయకండి.

మరి కెమెరా దండగా?

ఇక్కడ నాతో నాకే కొంచెం పేచీ ఉంది. ముందు కెమెరాకి చుట్టమైన అలారం సంగతి చూద్దాం. నేను చెప్పిన అదే జైలు సర్వేలో దాదాపు 60 శాతం మంది అలారం ఉందని తెలిస్తే వేరే ఇల్లు చూసుకుంటామన్నారు. ఇది చిన్న మాట కాదు. కానీ బ్రిటన్‌లో ఆండ్రొమాకీ సెలోనీ అనే పరిశోధకురాలి బృందం ఏళ్ళ తరబడి సర్వే లెక్కలు తీసి చూస్తే ఒక్క అలారం మాత్రమే ఉన్న ఇళ్ళకి దానివల్ల ఒరిగిందేమీ కనపడలేదు. బాగా పనిచేసింది నాలుగు మామూలు వస్తువుల కలయిక: కిటికీ లాకులు, టైమర్ మీద వెలిగే లోపలి లైట్లు, డబుల్ లాక్ లేదా డెడ్‌లాక్, మనిషి కదిలితే వెలిగే బయటి లైట్లు. నాలుగూ చవకే.

ఈ రెండూ ఎలా పొసుగుతాయి? నాకు తోచింది చెప్తా. అలారం పెట్టుకున్నాక మనకి ఒక నిశ్చింత వచ్చేస్తుంది, తలుపు సంగతి వదిలేస్తాం, నేను వదిలేసినట్టే. పైగా అది మోగితే ఎవరో ఒకరు రావాలి కదా. అమెరికాలో పోలీసులకి వెళ్ళే అలారం కాల్స్‌లో 94 నుంచి 98 శాతం ఉత్తుత్తివేనని అక్కడి న్యాయశాఖ గైడ్ చెప్తుంది. అన్నిసార్లు ఊరికే మోగేదానికి ఎవరు పరిగెడతారు? నేను నా ఫోన్‌కే పరిగెత్తలేదు.

ఇంటి కెమెరా అసలు ఎందుకు పుట్టిందో చదివితే మాత్రం నా కోపం కొంత తగ్గింది. న్యూయార్క్‌లో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు, వేళాపాళా లేని డ్యూటీలు, ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి వచ్చేది, పోలీసులని పిలిస్తే రావడానికి చాలాసేపు పట్టేది. భర్తతో కలిసి ఇంటి కోసం ఒక కెమెరా సిస్టం కనిపెట్టింది, 1966లో అప్లై చేస్తే 1969 డిసెంబర్‌లో పేటెంట్ వచ్చింది. తలుపుకి వేరే వేరే ఎత్తుల్లో కంతలు, వాటి వెనక కదిలే కెమెరా, మంచం దగ్గర టీవీలో బొమ్మ, మాట్లాడటానికి మైకు, బటన్ నొక్కితే అలారం. చూడండి, ఆవిడకి కావాల్సింది తలుపు తీయకముందే బయట ఎవరున్నారో తెలియడం. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకీ ఆడవాళ్ళకీ అది ఇవాళ్టికీ గొప్ప ధైర్యం, దాన్ని నేను కాదనను. ఎవరూ లేని ఇంటిని కాపాడే పని కూడా అదే చేస్తుందనుకోవడం దగ్గరే నేను పొరబడ్డా. ఒకవేళ కెమెరా కొంటే, పెట్టెలో వచ్చిన పాస్‌వర్డ్ ఆరోజే మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాలూ రూటర్లూ అలాంటి మార్చని పాస్‌వర్డ్‌లతోనే చేజిక్కించుకుంది.

పక్కింటి మీదకి తోసేస్తున్నానా

నేను ఇదంతా చెప్తుంటే మా అన్నయ్య ఒక మాటన్నాడు. "నీ తలుపు గట్టిదైతే దొంగ మానేస్తాడా, పక్కింటికి పోతాడు. నువ్వు చేసింది దొంగని వాళ్ళ మీదకి తోలడమే కదా." నిజంగా నొచ్చుకున్నా. చాలా రోజులు అది తొలుస్తూనే ఉంది.

దీన్ని కూడా కొలిచినవాళ్ళున్నారు. 2009లో రాబ్ గ్యురెట్, కేట్ బవర్స్ అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన 102 అధ్యయనాలు ముందేసుకుని చూశారు. వాటిలో నమోదైన పరిశీలనల్లో నేరం పక్కకి జరిగినట్టు కనపడినవి 26 శాతం. చుట్టుపక్కలకి కూడా మేలు జరిగినవి 27 శాతం. అంటే పక్కకి జరిగే మాట అబద్ధం కాదు, కానీ ప్రతిసారీ జరిగేది కాదు, పక్కవాళ్ళకి కలిసొచ్చే అవకాశం కూడా అంతే ఉంది. ఇది చదివాక మా అన్నయ్యతో వాదించడం మానేసి ఒక పని చేశా, అదే వడ్రంగిని మళ్ళీ పిలిచి మా వరసలో ఇంకో ఇద్దరికి పరిచయం చేశా. ఒకళ్ళు చేయించుకున్నారు. ఇంకొకళ్ళు చూద్దాంలే అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు.

మళ్ళీ రారులే అన్నారు

దొంగలు పడ్డాక పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కళ్ళూ చెప్పిన ఓదార్పు ఇది. ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ రారులే అని. మంచి మనసుతోనే అన్నారు, కానీ తప్పు. ఒకసారి దోచిన ఇల్లు తర్వాతి వారాల్లో మిగతా ఇళ్ళ కంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది. ఏ గది ఎక్కడో వాడికి తెలిసిపోయింది, తలుపు ఎంత బలహీనమో తెలుసు, పోయినవాటి బదులు కొత్తవి కొంటామని కూడా తెలుసు.

ఇంగ్లండ్‌లో రాచ్‌డేల్ ఊళ్ళో కిర్క్‌హోల్ట్ అనే పేద కాలనీ ఉంది. 1980ల్లో అక్కడ దొంగతనాలు విపరీతం. గ్యాసుకీ కరెంటుకీ నాణేలు వేసే మీటర్లు ఇళ్ళలో ఉండేవి, దొంగలకి అవి చేతికందిన హుండీలు. వాటిని తీయించారు. అన్ని ఇళ్ళ మీదా పడకుండా, దొంగలు పడ్డ ఇల్లు ఏదో అది వెంటనే గట్టి చేశారు, దాని చుట్టూ ఉన్న ఆరేడిళ్ళ వాళ్ళని పిలిచి కొన్నాళ్ళు ఆ ఇంటి మీద ఓ కన్నేసి ఉంచండని అడిగారు. అయిదు నెలల్లో దొంగతనాలు అంతకుముందున్నదాంట్లో 40 శాతానికి దిగిపోయాయి. డబ్బులేని కాలనీ అది. అందుకే నాకు ఈ కథ మీద అంత నమ్మకం.

చుట్టూ ఉన్న ఆరేడిళ్ళు అన్న మాట దగ్గర నేను ఆగిపోయా. మేం ఈ ఇంటికొచ్చి మూడేళ్ళు. ఎదురింటి మేడ మీద ఒక పెద్దావిడ ఉంటుంది, రోజంతా బాల్కనీలోనే కుర్చీ. ఆరోజు ఆ ఇద్దర్నీ ఆవిడ చూసింది. ఇంటికి రంగులేసేవాళ్ళేమో అనుకుందట, ఎందుకంటే మా ఇంటికి ఎవరొస్తారో ఎవరు రారో ఆవిడకెలా తెలుస్తుంది, మేం ఒక్కరోజూ మాట్లాడింది లేదు. తలుపు చప్పుడు కూడా విందట. ఫోన్ చేద్దామంటే మా నంబర్ లేదు. "నేను కేకేసినా బాగుండేది బాబూ" అని ఆవిడ నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పు ఆవిడదా?

ఇప్పుడు మా నంబర్లు ఆవిడ ఫోన్‌లో పైనే ఉన్నాయి, మా పాపే సేవ్ చేసి పెట్టింది. ఊరెళ్తే ముందే చెప్తాం, ఎవరైనా పనివాళ్ళు వచ్చేదుంటే చెప్తాం. ఆవిడ ఒంట్లో బాగాలేనప్పుడు మందులు మేం తెస్తాం.

పోయిన వారం మధ్యాహ్నం నేను ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశా, వర్షం, టోపీ పెట్టుకుని ఉన్నా, సంచిలో తాళంచెవి వెతుక్కుంటూ తలుపు దగ్గర కాసేపు నిలబడ్డా. పై నుంచి గట్టిగా కేక, "ఎవరది?" అని. నేనేనండీ అన్నా. "టోపీ తీసి ఇటు తిరుగు" అంది. తిరిగా. చూసుకుని, "సరే వెళ్ళు నాయనా" అని కుర్చీలో కూర్చుంది. లోపలికెళ్ళి డెడ్‌బోల్ట్ తిప్పి, చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం నిద్రపోయా.